పక్క సీట్లో రుమాలు

నేను ఒక చేతిరుమాలును. పుట్టింది చీరాల మగ్గం మీద. అదీ అనుకోకుండా పుట్టిన పుట్టుకే. నాగరత్నం అనే ఆవిడ లుంగీలు నేసేది. పడుగు చివర్లో లుంగీకి చాలనంత మిగిలిపోతే, పారేయడం దేనికని రుమాళ్ళు నేసేది. అలా లుంగీ కావలసినవాణ్ణి రుమాలునయ్యాను. ముదురు ఎరుపు మీద ఆకుపచ్చ గళ్ళు, అంచున సన్నటి తెల్ల చార. పొడవు తగ్గినా పౌరుషం తగ్గలేదు. రెండు ఉతుకులకే డీలా పడిపోయే మిల్లు రుమాళ్ళతో నన్ను కలపకండి.

చెమట తుడవడం, ముక్కు చీదడం మాలో ఎవరైనా చేస్తారు. నా అసలు ఉద్యోగం సీట్లు ఆపడం. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి నన్ను లోపలికి విసిరితే చాలు, ఆ సీటు విసిరినవాడిదైపోతుంది. అతనింకా కిందే గుంపులో నలుగుతూ ఉంటాడు. పైన అతని తరఫున నేను కూర్చుని ఉంటాను. దీనికి చట్టం లేదు, రసీదు లేదు. అయినా అందరూ ఒప్పుకుంటారు. సొంత అన్నదమ్ముడి మాట నమ్మని పెద్దమనిషి కూడా నన్ను చూసి, "ఇక్కడెవరో ఉన్నారు" అనుకుని ముందుకు వెళ్ళిపోతాడు. లేని మనిషిని ఉన్నట్టు చూపించడం నా పని. ఎంతో గొప్పగా చెప్పుకుంటున్నాను గానీ, ఆ పనిలో ప్రతిసారీ లోలోపల ఒక భయం ఉండేది. వేసినవాడు రాకపోతే నేను ఎవరి తరఫున కూర్చున్నట్టు?

నా మొదటి యజమాని పేరయ్య నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. ఊరూరా తిరిగే మనిషి కాబట్టి నాకు చేతినిండా పని. ఒకసారి గుంటూరు బస్సులో ఆయన నన్ను విసిరాడు, నేను బుద్ధిగా సీటు ఆపాను. ఇంతలో కండక్టరు వచ్చాడు. రెండు వేళ్ళతో, చచ్చిన బొద్దింకను ఎత్తినట్టు నన్ను ఎత్తాడు.

"ఎవురిదయ్యా ఈ గుడ్డ? గుడ్డకి సీటేంది? గుడ్డేమన్నా టిక్కెట్టు కొనిద్దా? మనిషి ఎక్కాల, మనిషి కూచోవాల" అని, చంకలో పిల్లతో నిలబడ్డ ఒకావిణ్ణి అక్కడ కూర్చోబెట్టాడు.

పేరయ్య అరిచాడు, శపించాడు, నాటక పద్యం ఒకటి కూడా అందుకోబోయాడు. చివరికి అలిగి దారిలోనే దిగిపోయాడు. హార్మోనియం మర్చిపోలేదు, నన్ను మర్చిపోయాడు. డిపోలో కండక్టరు నన్ను పట్టుకుని అందరినీ అడిగాడు. ఎవరూ నాది అనలేదు. ఆయన నన్ను ఉతికించి తన చొక్కా కాలరు కింద చుట్టుకున్నాడు. నన్ను అవమానించినవాడి మెడలోనే నాకు కాపురం కుదిరింది.

ఆయన పేరు మస్తాన్‌రావు. మంచివాడు, మొండివాడు. బస్సులో ఎంత రద్దీ ఉన్నా తలలు చూసుకుంటూ పోయి, టికెట్టు తీసుకోనివాడి దగ్గర సరిగ్గా ఆగేవాడు. ఇంట్లో మాత్రం రెండే తలలు. భార్య అనసూయ, కూతురు హిమజ. హిమజ డిగ్రీ చదువుతూ, కనిపించిన కాగితం మీదల్లా బొమ్మలు గీసేది. ముక్కు ఉందా లేదా అన్నట్టు, కళ్ళు మాత్రం మొహమంతా. ఆదివారం వస్తే నా పని పట్టేది. "నాన్నా, ఇదేం డీజిల్ కంపు!" అని తండ్రి మెడలోంచి లాగి, తనే ఉతికి, ఆరేసి, నాలుగు మడతలు వేసి, దాన్ని మళ్ళీ సగానికి మడిచేది. అంత చిన్నగా నన్నెవరూ మడవలేదు. ఆ పిల్ల చేతుల్లో నాకు ఎప్పుడూ కొంచెం సిగ్గుగా ఉండేది.

రాత్రి డ్యూటీ దిగి వచ్చేసరికి హిమజ గదిలోంచి అర్థంకాని భాషలో సన్నటి గొంతులు వినిపించేవి. జపాను బొమ్మల సినిమాలు. పిల్ల ఫోను ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ ఉండేది. ఈ ఏడుపు మస్తాన్‌రావుకు గిట్టేది కాదు. బొమ్మ చస్తే ఏడవడం ఏమిటని ఆయన లెక్క.

ఒకరోజు హిమజ ఆయన పక్కకు వచ్చి కూర్చుంది. "నాన్నా, మన చంద్రహాస టాకీసులో కాలేజీ వాళ్ళు రాత్రంతా ఈ సినిమాలే వేస్తున్నారు. ఒక్కసారి నాతో రా. నీకు నేను సీటు ఆపుతాగా" అంది.

"బొమ్మలు చూట్టానికి నిద్ర మానుకోవాలా? నేను రాను, నువ్వూ పోమాక" అన్నాడు. ఆ పిల్ల బతిమాలింది. ఈయన గొంతు పెరిగింది. చివరికి, "అంత ఇష్టమైతే ఆ బొమ్మలకాడికే పో. మళ్ళీ ఇంటికి రామాక" అన్నాడు.

కోపంలో తండ్రులు అనే మాటలకు అర్థం ఉండదని అందరికీ తెలుసు, కూతుళ్ళకు తప్ప. హిమజ సినిమాకు వెళ్ళింది. తెల్లారాక తిరిగి రాలేదు. తల్లి ఫోనుకు "నన్ను వెతకొద్దు" అని ఒక్క మాట వచ్చింది. తర్వాత ఆ నంబరు మోగడం మానేసింది.

వెతకొద్దంటే వెతకని తండ్రి ఎవరు? హాస్టళ్ళు, స్నేహితులు, స్టేషన్లు అన్నీ తిరిగాడు. కాలవలో ఒక ఆడపిల్ల శవం దొరికిందంటే, నన్ను ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆసుపత్రి వెనక గదిలోకి వెళ్ళాడు. ఆ పిల్ల హిమజ కాదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, "కాదు, కాదు" అని చాలాసేపు అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన కలల్లో కూతురు తడి బట్టలతో వచ్చి నిలబడేదని అనసూయకు చెబుతుంటే విన్నాను. బస్సులో తలలు చూసుకునే ఆ కళ్ళు, ప్రతి ఆడపిల్ల తల దగ్గరా ఒక్క క్షణం ఆగడం మొదలుపెట్టాయి.

ఏడాది తిరిగొచ్చింది. చంద్రహాస గోడ మీద మళ్ళీ ఆ బొమ్మల పోస్టరు పడింది. మస్తాన్‌రావు బస్సు ఆపించి మరీ చూశాడు. "అది యాడున్నా దీనికి మాత్రం వస్తది" అన్నాడు భార్యతో. అనసూయ వద్దనలేదు. "దొరికితే ముందు ఏం అడగమాకండి. అన్నం తిన్నావా అని మాత్రం అడగండి" అంది. ఆయన పక్కపక్కన రెండు టికెట్లు తీసుకున్నాడు.

ఆ రాత్రి ఆ హాలును చూసి నేను బిత్తరపోయాను. ఆకుపచ్చ జుట్టు, గులాబీ జుట్టు, అట్టముక్కల రెక్కలు, కాగితం కత్తులు. గేటు దగ్గర కాపలావాడు కత్తులన్నీ లాక్కుని మూల పడేస్తుంటే, వాటి యజమానులు బతిమాలుతున్నారు. ఒక బొమ్మ హీరో కటౌట్‌కు కుర్రాళ్ళు కొబ్బరికాయ కొట్టి, ప్యాకెట్టు చించి పాలు పోస్తున్నారు. ఎక్కడి జపాను, ఎక్కడి గుంటూరు! మనవాళ్ళు దేవుణ్ణయినా బొమ్మనయినా ఒకేలాగా తడిపేస్తారు.

మస్తాన్‌రావు లోపలికి వెళ్ళి తన సీటు చూసుకున్నాడు. పక్క సీటు ముందు కాసేపు నిలబడ్డాడు. తర్వాత మెడలోంచి నన్ను తీసి, ముడతలు సరిచేసి, ఆ సీటు మీద పరిచాడు. గుడ్డకి సీటేందన్న మనిషే పరిచాడు. నాకు గర్వపడాలో ఏడవాలో తెలియలేదు.

వెనక వరసలో కుర్రాళ్ళు నవ్వారు. "అంకుల్, టికెట్టు మీద నంబరు ఉంటదిగా. రుమాలెందుకు?"

"నంబరు టికెట్టు మీద ఉంటది బాబూ. రావాల్సిన మనిషికి ఆ నంబరు తెలవదు" అన్నాడు ఆయన. వాళ్ళకు అర్థం కాలేదు. కానీ ఆ మాట అన్న తీరుకు నవ్వడం మానేశారు.

నాకు అటు పక్కన పర్వీన్ అనే అమ్మాయి కూర్చుంది. నరసరావుపేట నుంచి వచ్చిందట. పసుపుపచ్చ విగ్గు, వీపుకు అట్ట రెక్కలు. రెక్క అంచు నాకు తగిలినప్పుడల్లా, "సారీ అండీ" అని ఖాళీ సీటుకు చెప్పేది. సీటు ఖాళీగా ఉందని ఆ పిల్లకు కాసేపటి వరకూ తెలియలేదనుకుంటాను. తెలిసిన తర్వాత కూడా సారీ చెప్పడం మానలేదు.

సినిమా మొదలైంది. హీరో తెర మీదికి రాగానే ఈలలు, కాగితం ముక్కల వాన. మస్తాన్‌రావు తెర చూడలేదు. తెర వెలుగు పడ్డప్పుడల్లా కనిపించే మొహాలు చూశాడు. అందులోనే వచ్చింది చిక్కు. ఆఖర్న వేయబోయే సినిమాలో పొగమంచులో దారితప్పి, పొగమంచే అయిపోయిన పిల్ల ఒకతి ఉందట. ఆడపిల్లల్లో సగంమంది ఆ వేషమే వేశారు. నీలం జుట్టు, తెల్లటి బట్టలు, మొహానికి దట్టంగా తెల్లరంగు. ఎటు చూసినా అదే మొహం. తన కూతురు అందులో ఉన్నా ఏ మొహం కింద ఉందో ఆ తండ్రి ఎలా పోల్చుకోవాలి? ఒక్కో తెల్లమొహం వరస దాటి వస్తుంటే ఆయన సగం లేచేవాడు. అది దాటిపోగానే కూర్చునేవాడు. ఆ లేవడాన్ని, కూర్చోవడాన్ని చూస్తూ ఉండటం నావల్ల కాలేదు.

ఇంటర్వెల్లో బజ్జీల బండి చుట్టూ ఆ నీలంజుట్లన్నీ మూగాయట. ఆయన దూరంగా నిలబడి చూశాడట. తిరిగొచ్చి, నన్ను మళ్ళీ సరిగ్గా పరిచి కూర్చున్నాడు. ప్రతి విరామంలోనూ అదే తంతు. పర్వీన్ ఉండబట్టలేక అడిగింది.

"ఎవరు రావాల్సింది అంకుల్?"

"మా అమ్మాయి."

"ఫోన్ చెయ్యండి మరి."

"తీయదమ్మా" అన్నాడు. పర్వీన్ తన చేతిలోని బిస్కెట్ల పొట్లం ఆయన ముందుకు జరిపింది.

ఆఖరి సినిమా మొదలైంది. హాలు చల్లబడింది, అల్లరి అణిగింది. తెర మీదంతా పొగమంచు. అప్పుడు ముందు వరసలోంచి ఒక తెల్లబట్టల పిల్ల లేచి బయటికి వెళ్ళింది. నడకలో ఏమి కనిపించిందో, మస్తాన్‌రావు గబుక్కున లేచి వెనకాలే పరుగెత్తాడు. "హిమా! హిమా!" అని ఆయన గొంతు తలుపు అవతల వినిపించింది. ఆమె వేరే ఎవరో పిల్లట. రాత్రివేళ ముసలాయన వెంటపడితే హడలిపోయిందట. వాలంటీర్లు ఆయన్ను చుట్టుముట్టి నిలదీశారట. ఇదంతా తర్వాత అనసూయతో చెప్పుకుంటే తెలిసింది. నేను మాత్రం సీటులోనే ఉన్నాను.

అప్పుడే మరో తెల్లబట్టల పిల్ల వచ్చింది. పక్క దారిలోంచి, అడుగుల చప్పుడు లేకుండా వచ్చి నా ముందు ఆగింది. నీలం జుట్టు, తెల్లటి మొహం, అందరిలాగే. వంగి నన్ను చూసింది. పర్వీన్ తల తిప్పకుండానే, "అక్కడ మనిషున్నారండీ" అంది.

"తెలుసు. మా నాన్న నాకోసమే ఏశాడు" అంది ఆ పిల్ల.

నన్ను ఎత్తింది, కూర్చుంది. నన్ను మొహానికి అదుముకుంది. తెల్లరంగూ కన్నీళ్ళూ కలిసి నాలోకి దిగాయి. ఎంతమంది చెమట తాగాను, ఎంతమంది ముక్కులు మోశాను, ఇలాంటి బరువు ఎప్పుడూ ఎరగను. నోరు ఉంటే అరిచేవాణ్ణి. ఆయన తలుపు బయటే ఉన్నాడే పిచ్చిదానా, కాసేపు ఆగవే అని అరిచేవాణ్ణి.

ఆగింది కూడా. తలుపు తెరుచుకుని, బయటి వెలుతురులో మస్తాన్‌రావు ఆకారం కనబడింది. కదిలే బస్సులో నిలబడ్డట్టు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడే మనిషి, ఎంత దూరాన ఉన్నా తెలిసిపోతుంది. ఆ పిల్ల లేచింది. "నా" అని ఒక్క అక్షరం పెదవుల దాకా వచ్చింది. తర్వాత ఏమైందో, భయమో, పంతమో, అంత రంగు పూసుకున్న మొహంతో తండ్రి ముందు నిలబడలేకో, నన్ను గబగబా మడిచి సీటు మీద పెట్టి, అటు చివర నుంచి చీకట్లోకి వెళ్ళిపోయింది.

మస్తాన్‌రావు వచ్చి చూశాడు. నాలుగు మడతలు, మళ్ళీ సగానికి. ముందు సీటు పట్టుకుని పర్వీన్ వైపు వంగాడు.

"అమ్మా, ఈడెవరన్నా కూచున్నారా?"

పర్వీన్ జరిగింది చెప్పింది, ఆ పిల్ల అన్న మాట కూడా చెప్పింది. "మీరు తలుపుకాడ కనిపించంగానే అటు ఎళ్ళిపోయింది అంకుల్."

ఆయన పరుగెత్తాడు. పక్క గుమ్మం, మెట్లు, రోడ్డు. రోడ్డు మీద పాలవ్యాను తప్ప ఏమీ లేదట. తిరిగొచ్చి, రొప్పుతూ, సీటు అంచున కూర్చున్నాడు.

"ఎట్టుందమ్మా మనిషి? చిక్కిందా?"

"మొహమంతా రంగేగా అంకుల్. తెలీలా."

"ఏడ్చిందా?"

"ఏడ్చింది. ఈ సినిమాకి అందరం ఏడ్చాంగా."

ఆయన గొంతు బాగా తగ్గించాడు. "కాళ్ళు చూశావా తల్లీ? కాళ్ళు ముందుకే ఉన్నాయా?"

పర్వీన్ నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. "చీకట్లో కాళ్ళెవరు చూస్తారంకుల్?" అంది మెల్లగా.

ఆ ప్రశ్నే ఇంటికి వచ్చింది. మొదట్లో ఆయన సంతోషపడ్డాడు. అనసూయకు నన్ను చూపించి, "ఇదిగో, దాని మడత" అన్నాడు. నన్ను ఉతకనివ్వలేదు, మెడలో వేసుకోలేదు, బీరువాలో పెట్టాడు. నెలలు గడిచాయి. ఫోను రాలేదు. అప్పుడు ఆయన అక్క సుగుణమ్మ వచ్చి కూర్చుని మొదలుపెట్టింది.

"తెల్లమొగం, తెల్లబట్టలు, సప్పుడు లేకుండా వచ్చిందంటున్నావు. నిన్ను సూడంగానే మాయమైందంటున్నావు. బతికున్న పిల్లయితే నాన్నా అని పిలవదంట్రా? దాని జీవుడు అల్లాడతన్నాడురా తమ్ముడూ. కర్మ జేసి పంపించు."

అనసూయ ఒప్పుకోలేదు. "నా బిడ్డ బతికే ఉంది" అని వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. మస్తాన్‌రావు మాత్రం తడి బట్టల కలకు మళ్ళీ లొంగిపోయాడు. రోజుకు ఒక రకంగా మాట్లాడేవాడు. మడతను తలుచుకుని పొద్దున నమ్మేవాడు, కాళ్ళను తలుచుకుని రాత్రికి వణికేవాడు. పర్వీన్ చెప్పిన ప్రతి మాటనూ రెండు రకాలుగానూ చెప్పుకోవచ్చు. పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు.

నిన్న పురోహితుణ్ణి పిలిచారు. ఆయన సందేహించాడు. "శవం దొరకలేదు కాబట్టి దర్భలతో మనిషి ఆకారం కట్టి దహనం చెయ్యాలి. కానీ బతికున్న మనిషికి చేస్తే మహా దోషం. ఉందనడానికి గట్టి ఆనవాలు ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి" అన్నాడు. మస్తాన్‌రావు బీరువా తెరిచి నన్ను తీశాడు. అటూ ఇటూ తిప్పాడు. తెల్లరంగు ఎండి పొడిలా రాలుతోంది. రంగు ఎవరిదైనా రంగే. చివరికి నన్ను పురోహితుడి ముందు పెట్టాడు. "దాని మొగానికి తగిలిన గుడ్డ ఇదొక్కటే ఉంది. ఆ దర్భల మీద ఇది కప్పండి" అన్నాడు.

రేపు అమావాస్య. నేను ఇప్పుడు పూజసామాన్ల పళ్ళెంలో, నల్లనువ్వుల పొట్లం పక్కన ఉన్నాను. కాలిపోతానని నాకు దిగులు లేదు. నూలుగుడ్డకు ఎప్పటికైనా నిప్పో, మసిగుడ్డ బతుకో తప్పదు. కానీ లేని మనిషిని ఉన్నట్టు చూపించడానికే ఇన్నాళ్ళూ బతికాను. ఉన్న మనిషిని లేనట్టు చేయడానికి నన్ను కప్పుతున్నారే, అది ఓర్చుకోలేకపోతున్నాను.

ఆ రాత్రి ఆ పిల్లను తాకింది ఈ లోకంలో నేనొక్కడినే. మీకు నోరుంది, నాకు లేదు. రేపు పొద్దున్నే గుంటూరు బస్టాండు వైపు వెళ్ళేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, మెడలో రుమాలు లేని కండక్టరు ఒకాయన సెలవుచీటీ ఇవ్వడానికి డిపోకు వస్తాడు. ఆయన్ను ఆపి చెప్పండి. పిల్ల బాగా చిక్కింది. మణికట్టు ఎముక తేలింది. అయినా చేతులు వెచ్చగా ఉన్నాయి.